బీరువా వేసుకున్న మాత్రలు

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా పనికిరాలేదు. బస్సు డిపోలో మేనేజరు దగ్గర్నుంచి బస్సులు కడిగేవాళ్ళ దాకా అందరికీ ఆయన బీరువా బాబాయ్. మనిషి బీరువాలా ఏమీ ఉండడు. పొడుగ్గా, ఎండిపోయి, ఊడొచ్చిన వైపర్ పుల్లలా ఉంటాడు. బీరువా పక్కన కూర్చుంటాడు, అంతే.

ఆ డిపోలో ఒక కట్టుబాటు ఉంది. డ్రైవరు బస్సెక్కే ముందు ఫోను అప్పగించి పోవాలి. వెనకటికి ఒక మహానుభావుడు ఫోనులో పెళ్ళాంతో పోట్లాడుతూ పోట్లాడుతూ బస్సుని తీసుకెళ్ళి బట్టల కొట్లోకి పోనిచ్చాడు. అద్దం పగిలింది, బొమ్మలు పడ్డాయి, మనుషులకేమీ కాలేదు. పెళ్ళాం మాత్రం అవతల ఫోనులో ఆ చప్పుడు విని, తన మాటకి జవాబుగా గిన్నెలు విసిరాడనుకుని ఇంకో నాలుగు తిట్టిందట. ఆ వారమే డిపో వరండాలో అరలు అరలుగా కోసిన ఇనప బీరువా వెలిసింది. దాని ముందు కటకటాల కిటికీ, కిటికీ వెనక స్టూలు, స్టూలు మీద బాబాయ్.

ఇంటి నుంచి అర్జెంటు కబురేదైనా వస్తే చదివి కంట్రోల్ రూముకి చెప్పాలి కదా. అందుకని డ్రైవర్లు ఫోనుతో పాటు దాన్ని తెరిచే గీత కూడా బాబాయ్‌కి గీసి చూపించి పోయేవాళ్ళు. ఆ రకంగా డిపోలో సగం మంది బతుకులు ఆయన వేలి కొసన ఉండేవి. ఎవడు ఎవరికి మాటిమాటికీ ఫోను చేస్తాడో, ఎవడి మావగారు ఎవడిని ఏమని తిడతాడో ఆయనకి తెలుసు. ఒక్క ముక్క బయటికి పొక్కేది కాదు. "నేను పెట్టెని. పెట్టెకి చెవులుంటాయిగానీ నోరుండదు," అనేవాడు. లోకంలో నోరున్న ప్రతివాడూ అనే మాటే ఇది. ఈయన మాత్రం నిజంగానే అలా ఉండేవాడు. ఆయనకి మిగిలిన పరువు కూడా అదే.

మిగిలిన, అని ఎందుకంటున్నానంటే అంతకు ముందు ఆయనకి ఇంకా పెద్ద పరువుండేది. ఆయన కూడా డ్రైవరే. కొండదారి బస్సు నడిపినవాడు. ఎదురుగా లారీ వస్తే లారీ వెనక్కి పోయేది తప్ప ఆయన పోయేవాడు కాదు. అలాంటివాడికి షుగరొచ్చింది. డాక్టర్లు మాత్రలిచ్చారు. ఈయన వాటిని సొరుగులో పెట్టి, సొరుగు మూసి, జబ్బు నయమైపోయినట్టే లెక్కేసుకున్నాడు. కొన్నాళ్ళకి ఎదురొచ్చే బస్సు నంబరు కనిపించడం మానేసింది. ఇంకొన్నాళ్ళకి బస్సే మసకబారింది. స్టీరింగు లాక్కుని స్టూలిచ్చారు. ఇప్పటికీ స్టూలు మీద కునుకు తీస్తూ తీస్తూ ఉలిక్కిపడి కుడికాలు నేలకేసి నొక్కుతాడు. ఏ బ్రేకు నొక్కుతున్నాడో, దేన్ని ఆపాలని నొక్కుతున్నాడో ఎవరూ అడగరు.

ఇలా ఉండగా కంపెనీ ఆస్పత్రికి ఒక కొత్త ఆలోచన పుట్టింది.

డ్రైవర్లలో బీపీ ఉన్నవాళ్ళు ఎక్కువ. మాత్రలు పట్టుకెళ్తారు, వేసుకోరు. కాబట్టి ప్రతిరోజూ పొద్దున ఎనిమిదింటికి అందరికీ ఒక మెసేజి పంపాలి. "ప్రియమైన మిత్రమా, ఈ రోజు మాత్ర వేసుకున్నారా? వేసుకుంటే 1, వేసుకోకపోతే 2 నొక్కండి. మీ ఆరోగ్యమే మా ఆనందం." జవాబు రాకపోతే కాసేపటికి మళ్ళీ పంపాలి. మళ్ళీ రాకపోతే మళ్ళీ. ఆలోచన మంచిదే. ఎవరిదో గానీ, వాళ్ళు పొద్దున ఎనిమిదింటికి బల్ల ముందు కూర్చుని టిఫిను తినే రకమై ఉండాలి. డ్రైవర్లు ఆ టైముకి రెండో ట్రిప్పులో ఉంటారు. ఫోన్లు బీరువాలో ఉంటాయి.

మొదటి రోజు ఎనిమిదింటికి బీరువా ఒక్కసారిగా మోగింది. వాన పడ్డాక కప్పలన్నీ కూడబలుక్కున్నట్టు అర అరా అరిచింది. బాబాయ్ ఒక ఫోను తీసి చదివాడు.

"ప్రియమైన మిత్రమా అట," అన్నాడు పక్కనే సీటు కవర్ల మూట దించుకుంటున్న భార్యతో. "పెళ్ళయ్యాక నువ్వు కూడా ఒక్కనాడు అనలేదు."

"నువ్వు అనిపించుకునే పని చేస్తే కదా," అంది ఆవిడ.

డిపో అంతా ఆవిడని పిన్ని అంటారు. బస్సుల్లో కుర్రకారు బ్లేళ్ళతో కోసిన సీట్లకి కొత్త తొడుగులు కుడుతుంది. దారంతో పాటు నోటి మాట కూడా సూదిలోంచే దూసుకొచ్చినట్టుంటుంది.

ఆ సాయంత్రం డ్రైవర్లు ఫోన్లు తీసుకోవడానికొచ్చినప్పుడు బాబాయ్ అడిగాడు. "ఏరా, మాత్రలేసుకున్నారా? ఆస్పత్రివాళ్ళు ప్రాణం తీస్తున్నారు."

"వేసుకున్నాం బాబాయ్. నువ్వే నొక్కెయ్యి. మా కోసం ఆ మాత్రం చెయ్యలేవా?"

నొక్కాడు. మర్నాడు కూడా అడిగి నొక్కాడు. ఆ తర్వాత అడగడం దేనికని ఎనిమిది కొట్టగానే వరసపెట్టి నొక్కుకుంటూ పోయాడు. పై అర నుంచి కింది అర దాకా ఒకటి, ఒకటి, ఒకటి. చివర్న తన సొంత ఫోను తీసి దానికీ ఒకటి. ఆయన షుగరు మాత్రలకీ మెసేజి వచ్చేది మరి. బీరువా నోరు మూసుకునేది. బాబాయ్ టీ తాగేవాడు.

అటు డ్రైవర్లకీ విషయం అర్థమైంది. మాత్ర వేసుకున్నా ఒకటే, వేసుకోకపోయినా ఒకటే. ఇంక వేసుకోవడమెందుకు? "మన బదులు బీరువా వేసుకుంటోందిలే," అనేవాడు హారన్.

హారన్ అంటే పిన్ని తమ్ముడు, బాబాయ్‌కి సొంత బామ్మర్ది. రోడ్డు మీద పిట్ట కనపడినా హారన్ కొడతాడు, అందుకని ఆ పేరు. భారీ మనిషి, ఉప్పూ కారమూ మానడు, కోపం ముక్కు మీదే ఉంటుంది. బీపీకి అంతకంటే మంచి ఇల్లు దొరకదు. అక్క ఇంటి పై వాటాలోనే ఒంటరిగా ఉంటాడు. స్టీరింగంటే ప్రాణం. సెలవురోజు కూడా డిపోకొచ్చి తన బస్సు అద్దం తుడిచి పోయే రకం.

ఆస్పత్రిలో మాత్రం పండగ చేసుకున్నారు. ఎక్కడా లేనంతగా ఈ డిపో నుంచి జవాబులు వస్తున్నాయి, అందరూ తు.చ. తప్పకుండా మాత్రలు మింగుతున్నారు. నర్సు స్వయంగా వచ్చి ప్రశంసాపత్రమొకటి అద్దం కట్టించి ఇచ్చి వెళ్ళింది. మేనేజరు దాన్ని ఎక్కడ తగిలించాలా అని చూసి చూసి సరిగ్గా బీరువా మీదే తగిలించాడు. దేవుడు ఉన్నాడో లేడో గానీ, ఆయనకి వెటకారం ఉన్న మాట నిజం.

ఒకటే చిక్కు. అందరూ మాత్రలేసుకుంటున్నారు, ఎవరికీ బీపీ దిగట్లేదు.

డాక్టరమ్మ కొత్తగా వచ్చిన పిల్ల. బుద్ధిగా ఆలోచించేది. రోజూ మందు పడుతోంది, ఐనా దిగలేదంటే మందు చాలట్లేదన్నమాట. ఎవరైనా అలాగే అనుకుంటారు. హారన్‌కి మొదటి మాత్ర మోతాదు పెంచింది. ఆ తర్వాత దానికి రెండోది తోడు చేసింది. తర్వాత మూడోది. వాడు ప్రతిసారీ వినయంగా తలూపి, కొత్త పొట్లాన్ని పాత పొట్లాల మీద పడేసేవాడు.

చివరికి ఆవిడ చెప్పింది. "వచ్చే నెల ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. అప్పటికీ ఇలాగే ఉంటే మీ చేత బస్సు నడిపించలేను. నా వల్ల కాదు."

ఆ సాయంత్రం హారన్ ఫోను కోసం కిటికీ దగ్గరికొచ్చి చెయ్యి చాపలేదు. అలాగే నిలబడ్డాడు.

"స్టీరింగు తీసేస్తారట బావా."

బాబాయ్ కుడికాలు దానంతటదే నేలకేసి నొక్కుకుంది.

"నీ పక్కన ఇంకో స్టూలు వేయించు," అన్నాడు హారన్ నవ్వబోతూ. "ఇద్దరం కూర్చుని ఫోన్లు కాపలా కాద్దాం."

"నోరు ముయ్యరా. శుభం పలకమంటే ఇదా పలికేది?" అన్నాడు బాబాయ్. ఆ రాత్రి భార్యకి పరీక్ష సంగతొక్కటే చెప్పాడు. బీరువా సంగతి చెప్పలేదు. పెట్టెకి నోరుండదు కదా.

పిన్నికి అంతే చాలు. పొద్దున్నే చీపురు పట్టుకుని పై వాటాలోకి వెళ్ళింది. మంచం కింద ఊడిస్తే చెత్త రాలేదు, మాత్రల పొట్లాలొచ్చాయి. ఒక్కటీ చింపలేదు. తమ్ముణ్ణి చెవి పట్టుకుని లేపింది.

"ఏంట్రా ఇవి? దాచి పెట్టావా? పిల్లలు పెడతాయనుకున్నావా?"

"అక్కా, అదీ..."

"నోరు తెరు. మాట్లాడ్డానికి కాదు, మింగడానికి."

కాగితం మీద డాక్టరమ్మ ఆఖర్న రాసింది రాసినట్టు, మూడు రకాలూ, పెంచిన మోతాదులతో సహా, గ్లాసుడు నీళ్ళతో దగ్గరుండి మింగించింది. ఆవిడ తప్పేమీ లేదు. చీటీలో ఉన్నదే వేసింది. కాకపోతే అది మెట్టు మెట్టుగా ఎక్కినవాడికి రాసిన చీటీ. హారన్ మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. అక్క వాణ్ణి తిన్నగా మేడ మీదికి విసిరేసింది.

ఒక రోజు గడిచింది. రెండో రోజు వాడికి కళ్ళు తిరుగుతున్నట్టనిపించింది, నిద్ర చాలలేదనుకున్నాడు. మూడో రోజు రూటు ఆఖరి స్టాపులో బస్సాపి, హ్యాండ్ బ్రేకు లాగి, ప్రయాణికులంతా దిగాక సీట్లోంచి లేచాడు. లేచినవాడు లేచినట్టే కూలిపోయాడు. మోచెయ్యి హారన్ మీద పడింది. అది ఆగకుండా మోగుతుంటే, మళ్ళీ మొదలెట్టాడ్రా వీడు, అని జనం తిట్టుకున్నారు గానీ చాలాసేపటి దాకా ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. పేరు తెచ్చుకుంటే అలా ఉంటుంది.

కబురు అందేసరికి బాబాయ్ బీరువాకి తాళం వేసి చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. పిన్ని సూదీదారం చేత్తో పట్టుకునే వచ్చింది. ఆస్పత్రి మంచం మీద హారన్ సున్నం కొట్టిన గోడలా పడున్నాడు. స్పృహ ఉంది. చేతికి సెలైను ఎక్కుతోంది.

డాక్టరమ్మ కంప్యూటరు తెర వంకా వాడి వంకా మార్చి మార్చి చూస్తోంది. "నాకు అంతుపట్టట్లేదు. ఇన్నాళ్ళూ ఇవే మందులు. మొన్నటిదాకా బీపీ ఆకాశంలో ఉంది. ఈ రోజు పాతాళంలో ఉంది. మందు మారలేదు, మనిషి మారలేదు. అంటే గుండెలో ఏదో జరుగుతుండాలి. పెద్దాస్పత్రికి రాస్తున్నాను. బస్సు సంగతి మాత్రం ఇంక మర్చిపోండి."

హారన్ కళ్ళు మూసుకున్నాడు. కంటి కొస నుంచి నీటి చుక్క ఒకటి చెవిలోకి పోయింది.

"మందు మారలేదేంటి?" అంది పిన్ని. "వీడు మొన్నటిదాకా ఒక్కటీ మింగితే కదా. మంచం కింద గుట్టపోశాడు. మూడు రోజుల్నించి నేనే మింగిస్తున్నాను."

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది. తెర ఇటు తిప్పింది. ఒకట్లు. పై నుంచి కింద దాకా, చీమలబారులా ఒకట్లు.

"మీరు చెప్పింది నిజమైతే ఈయన గుండెకేమీ కానట్టే. కానీ ఒక్కరోజు కూడా తప్పకుండా 'వేసుకున్నాను' అని జవాబులొచ్చాయమ్మా. ఇవి నమ్మే మందు పెంచాను. ఈ ఒకట్లన్నీ ఎవరు నొక్కారు?"

హారన్ ఒక కన్ను తెరిచి బావ వైపు చూసి, చెప్పకు అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తప్పుడు జవాబులిప్పించానని తెలిస్తే తన ఉద్యోగమే ఉండదేమోనని వాడి భయం. బాబాయ్ మింగలేక కక్కలేక నిలబడ్డాడు. చెబితే స్టూలు పోతుంది. పెట్టెకి నోరొచ్చిందని డిపో అంతటికీ తెలిసిపోతుంది. చెప్పకపోతే వీడు లేని గుండెజబ్బుతో బతుకంతా స్టూలు మీద కూర్చుని లేని బ్రేకు నొక్కుతాడు. అదెలా ఉంటుందో ఈ గదిలో తనొక్కడికే తెలుసు.

"నేను నొక్కాను తల్లీ," అన్నాడు.

పిన్ని మొగుడి వైపు తిరిగింది. ఆ చూపులో సూది ఉంది, దారం లేదు.

"ఈయన ఒక్కరికేనా?" అని అడిగింది డాక్టరమ్మ.

"బీరువా మొత్తానికి."

డాక్టరమ్మ లేచి నిలబడింది. ఆవిడ మొహం చూస్తే ఇప్పుడు హారన్ పక్కన ఇంకో మంచం వెయ్యాలేమో అనిపించింది. ఇన్నాళ్ళూ ఆ ఒకట్లని చూసే డిపోలో సగం మందికి మందు పెంచుతూ పోయింది. వాళ్ళలో ఏ ఒక్కడికైనా రేపు పొద్దున బుద్ధి పుట్టి, బుద్ధిగా అన్నీ మింగి స్టీరింగు పట్టుకుంటే? అందరూ హారన్‌లా ఆఖరి స్టాపు దాకా ఆగరు.

"ఇప్పుడే అందరికీ మెసేజి పెట్టాలి. పెంచిన మందులు వేసుకోవద్దని, ముందు వచ్చి నన్ను కలవమని," అంటూ ఫోను అందుకుంది.

"పెట్టు తల్లీ," అన్నాడు బాబాయ్. "బీరువాలోకొస్తుంది. కావలిస్తే ఇప్పుడే వెళ్ళి చదివి, ఒకటి నొక్కుతాను."

నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మకి నవ్వు రాలేదు. అసలది నవ్వించడానికన్న మాటా కాదు.

ఆ సాయంత్రం బాబాయ్ కిటికీ వెనక కూర్చోలేదు. డిపో గేటు మధ్యలో నిలబడ్డాడు. లోపలికొచ్చే ప్రతి బస్సునీ చెయ్యెత్తి ఆపాడు. ఒకప్పుడు లారీలకి దారివ్వని మనిషి ఇప్పుడు బస్సులకీ ఇవ్వలేదు.

"ఏంటి బాబాయ్, పిచ్చెక్కిందా?" అంటూ డ్రైవర్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

"ఎక్కిందిరా. మీ మాత్రలన్నీ నేనే మింగాను కదా, అందుకెక్కింది. విను. పెంచిన మందు వేసుకోవద్దు. ఇప్పుడే ఆస్పత్రికి పోయి, ఇన్నాళ్ళూ వేసుకోలేదని డాక్టరమ్మకి నీ నోటితో చెప్పు. నా వేలితో కాదు."

కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. "మమ్మల్ని పట్టిస్తావా? పెట్టెకి నోరుండదన్నావే," అన్నాడొకడు.

"ఉండదనే అనుకున్నానురా. ఇదిగో, ఉంది," అన్నాడు.

అందరికీ చెప్పేదాకా గేటు వదల్లేదు.

మేనేజరు ఎగిరెగిరి పడ్డాడు. స్టూలు పీకేస్తానన్నాడు, పై ఆఫీసుకి రాసి పంపిస్తానన్నాడు. తీరా రాయబోతే, తప్పుడు జవాబులకొచ్చిన ప్రశంసాపత్రాన్ని గోడకి తగిలించింది ఎవరన్న ప్రశ్న అడ్డొచ్చింది. తిలా పాపం తలా పిడికెడు అన్నారు కాబట్టి, ఆయన తన పిడికెడు గుర్తుకొచ్చి కాగితం చింపేశాడు. అద్దం కట్టిన పత్రం మాత్రం దిగింది. పిన్ని ఆ అద్దాన్ని ఊరికే పోనివ్వలేదు, ఇంట్లో పగిలిన కిటికీకి సరిపోయింది.

ఆస్పత్రివాళ్ళు మెసేజి టైము మార్చారు. ఇప్పుడు డ్యూటీకి ముందే, ఫోను ఇంకా చేతిలో ఉండగానే వస్తుంది. బీరువా పక్కన నీళ్ళ క్యాను పెట్టారు. హారన్‌కి డాక్టరమ్మ మళ్ళీ మొదటి మాత్రతో మొదలుపెట్టింది, ఒక్కదానితోనే. బీపీ కుదురుకునేదాకా బస్సు లేదు. అన్నాళ్ళూ వాడు బావ పక్కనే, తను నోరుజారి అడిగిన రెండో స్టూలు మీదే కూర్చున్నాడు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాడు. బయట ఎవరైనా హారన్ కొడితే వాడి చెయ్యి గాల్లోకి లేచేది. ఒకరిది కాలు, ఒకరిది చెయ్యి. ఇద్దర్నీ కలిపితే ఒక డ్రైవరు తయారవుతాడని డిపోలో జోకు.

పరీక్ష రోజు డాక్టరమ్మ బీపీ చూసింది. పట్టీ విప్పి మళ్ళీ కట్టి మళ్ళీ చూసింది. ఈసారి ఆవిడ ఏ తెరా చూడలేదు. వాడి మొహం చూసి అడిగింది, "నిజం చెప్పండి. వేసుకుంటున్నారా?"

"మా అక్క ఉండగా వేసుకోకపోవడం కుదరదండీ," అన్నాడు.

సంతకం పెట్టింది.

మర్నాడు తెల్లారకముందే హారన్ డ్యూటీ బట్టల్లో కిటికీ ముందుకొచ్చాడు. మెసేజి వచ్చింది. మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నాలుక బయటపెట్టి చూపించి, తన వేలితో తనే ఒకటి నొక్కి ఫోను అప్పగించాడు.

"గీత?" అన్నాడు బాబాయ్ అలవాటు కొద్దీ.

"మార్చాను బావా."

"ఏంటిది కొత్తది?"

"చెప్పను."

బాబాయ్ ఫోను అరలో పెట్టాడు. ఈమధ్య చాలామంది చెప్పడం లేదు. అది ఆయనకి తగలాల్సిన చోటే తగిలింది. అడుసు తొక్కాక కాలు కడుక్కోవాల్సిందే, నీళ్ళు చల్లగా ఉన్నాయంటే కుదరదు.

"మరి నీది?" అన్నాడు హారన్.

"నాదేంటి?"

"నీ ఫోను కూడా మోగింది. షుగరు మాత్ర."

"వేసుకుంటాన్లేరా. నువ్వు బస్సు తియ్యి, టైమైంది."

హారన్ వెళ్ళాడు. బాబాయ్ తన ఫోను తీశాడు. వేలు అలవాటుగా ఒకటి మీదికి పోయింది. ఆగింది. చుట్టూ చూసి, ఎవరూ చూడట్లేదని రూఢి చేసుకుని, దొంగతనం చేస్తున్నట్టు రెండు నొక్కాడు. నిమిషంలో నర్సు ఫోను చేసింది.

"బాబాయ్ గారూ, రెండు వచ్చింది. పొరపాటున నొక్కారా?"

"లేదమ్మా. ఇన్నాళ్ళూ నొక్కినవే పొరపాటు. ఇది సరిగ్గానే నొక్కాను."

"ఎందుకు వేసుకోలేదు మరి?"

"ఎప్పుడూ వేసుకోలేదమ్మా. ఎక్కడ మొదలెట్టాలో తెలీక."

ఇంతలో బయట హారన్ మోగింది. ఒకసారి కాదు, ఆగకుండా. బాబాయ్ చప్పున లేచి కిటికీలోంచి చూశాడు. గేటు మధ్యలో బస్సు అడ్డంగా ఆగి ఉంది. డ్రైవరు సీట్లో బామ్మర్ది నిటారుగా, నిక్షేపంలా కూర్చుని, హారన్ మీద అరచెయ్యి పెట్టి సరిగ్గా ఈ కిటికీ వైపే చూస్తున్నాడు. వెనక మిగతా బస్సులు వరస కట్టాయి. మేనేజరు చేతులూపుతూ ఏదో అరుస్తున్నాడు, ఎవరికీ వినపడట్లేదు. గేటు బయట బస్సు కోసం నిలబడ్డ ప్రయాణికులు కూడా ఇటే చూస్తున్నారు. బస్సు డోరు దగ్గర పిన్ని నిలబడి ఉంది, చంకలో సీటు కవర్ల మూటతో. ఈ కుట్ర ఎవరిదో అడగక్కర్లేదు.

"బాబాయ్ గారూ, ఆ చప్పుడేంటి?" అంటోంది నర్సు.

"మెసేజి వచ్చిందమ్మా. దీనికి ఒకటీ రెండూ పనిచెయ్యవు," అన్నాడు బాబాయ్. "ఏ మాత్ర మొదలెట్టాలో చెప్పు."

ఆవిడ డాక్టరమ్మని అడిగి చెప్పింది, ఏదైనా తిన్నాకే వేసుకోమంది. ఆయన సంచిలోంచి రొట్టెముక్కా, పిన్ని పెట్టిన మాత్రల పొట్లమూ తీసి, రొట్టె తిని, మాత్ర నోట్లో వేసుకుని, క్యానులోంచి నీళ్ళు పట్టి మింగి, కటకటాల్లోంచి బస్సు వైపు నాలుక చాపి చూపించాడు. హారన్ ఆగింది. బస్సు కదిలింది.

నాలుక మీద మాత్ర చేదు అలాగే ఉండిపోయింది. చక్కెర జబ్బుకి ఇంత చేదు మందు కనిపెట్టినవాడెవడో గానీ, వాడు తప్పకుండా తన అత్తవారి వైపు చుట్టమై ఉంటాడనుకున్నాడు బాబాయ్.